మా హాకీ లీగ్‌ను ఇక నేనొక్కడినే మోయలేను

ప్రశ్న: నమస్తే అండీ. మాది ఎడ్మంటన్. ఆఫీసులో సరదాగా మొదలైన ఫాంటసీ హాకీ లీగ్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ళతో మేం ఊహాజట్లు కట్టుకుంటాం, వాళ్ళు నిజం ఆటల్లో ఆడినదాన్ని బట్టి మాకు పాయింట్లు) ఇప్పుడు 14 జట్లయింది. కీపర్ లీగ్. అంటే ఏటా కొందరు ఆటగాళ్ళను అట్టిపెట్టుకుని, మిగతావాళ్ళను డ్రాఫ్టులో వంతులవారీగా ఎంచుకుంటాం. జట్టుకు 60 డాలర్లు. మొదట నడిపినాయన ఉద్యోగం మారి వెళ్తూ కమిషనర్ (లీగ్ నిర్వాహకుడి) బాధ్యత నాకు అప్పగించారు. పోయిన సీజన్‌లో నలుగురు క్రిస్మస్ దాకా డబ్బు కట్టలేదు, ఒకాయన అసలే కట్టలేదు. గెలిచినవాళ్ళకు మాట ఇచ్చాం కదా అని ఆ లోటు నేనే వేశాను. సైటు ఫీజు కూడా నా కార్డు మీదే పోతోంది. జనవరి తర్వాత ఇద్దరు తమ జట్ల వంక చూడటమే మానేశారు. పైగా నా ట్రేడ్‌ను, అంటే ఇంకో జట్టుతో ఆటగాళ్ళ మార్పిడిని, నేనే ఆమోదించుకున్నానని గ్రూపులో గొడవ. హైదరాబాద్‌లో ఉన్న మా పెద్దమ్మగారి అబ్బాయిలు ఇద్దరూ ఆడతారు. వాళ్ళ డబ్బు నేనే వేసి, ఇండియా వెళ్ళినప్పుడు తీసుకుంటాను. మా ఆవిడ ‘డబ్బూ పోయి, మాటలూ పడి, ఎందుకిదంతా’ అంటోంది. కానీ 2024 జూన్‌లో మా ఊరి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఆయిలర్స్ స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో ఫ్లోరిడా చేతిలో ఓడిన రాత్రి మేమంతా నిద్రపోకుండా మాట్లాడుకున్నది ఈ గ్రూపులోనే. ఫీజు 100 చేస్తే గట్టెక్కుతామా? లేక మూసేయమంటారా?

జవాబు: మూసేయకండి. ఫీజూ పెంచకండి.

మీరు చెప్పిన కష్టాల్లో ఒక్కటి కూడా 60 డాలర్లు చాలక వచ్చింది కాదు. ఫీజు 100 చేస్తే కట్టనివాళ్ళు 100 ఎగ్గొడతారు, ఆ లోటూ మీరే పూడుస్తారు. వసూళ్ళు, సైటు, ట్రేడ్‌లు, గాలికొదిలేసిన జట్లు, అలకలు, అన్నీ వచ్చి మీ ఒక్కరి నెత్తిన పడుతున్నాయి. రేపు మీకు ఉద్యోగం మారినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా ఈ లీగ్ నెల రోజులు కూడా నడవదు. మీరు లేకపోయినా నడిచేలా దాన్ని తయారు చేయడమే ఇప్పుడు మీ పని. కింద చెప్పేవన్నీ దాని కోసమే.

ముందు వసూళ్ళ సంగతి. ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో మొదలవుతుంది కాబట్టి మీ డ్రాఫ్ట్ సెప్టెంబర్‌లో ఉంటుందనుకుంటాను. లేబర్ డే, అంటే సెప్టెంబర్ మొదటి సోమవారం, ఫీజుకు ఆఖరి గడువని ప్రకటించండి. ఆ రాత్రికి డబ్బు రాకపోతే ఆ జట్టు వేరొకరికి వెళ్తుంది. ఇందులో ఎవరికీ మినహాయింపు వద్దు, మీక్కూడా. డ్రాఫ్ట్ అయిపోయాక మీ చేతిలో ఏ పట్టూ ఉండదు. మెక్‌డేవిడ్ లాంటి పెద్ద స్టార్ ఉన్న జట్టును నవంబర్‌లో తీసేస్తే మిగతా అందరి ఆటా చెడుతుంది. ఆ సంగతి కట్టనివాళ్ళకూ తెలుసు, అందుకే సాగదీస్తారు. అదే మనిషి సెప్టెంబర్‌లో, తన ఆటగాళ్ళు చేజారిపోతారంటే, అరగంటలో పంపిస్తాడు.

కెనడాలో బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు పంపడానికి ఎలాగూ అందరూ వాడేది ఇంటరాక్ ఈ-ట్రాన్స్‌ఫరే. లీగ్ కోసం నెలవారీ ఛార్జీ లేని సేవింగ్స్ ఖాతా ఒకటి విడిగా తెరిపించండి. డబ్బు దానంతటదే ఖాతాలో పడే ఆటోడిపాజిట్ పెట్టుకుంటే సెక్యూరిటీ ప్రశ్నకు జవాబేమిటని ఎవరూ మెసేజ్‌లు పెట్టరు. మెసేజ్ గడిలో జట్టు పేరు రాయమనండి. ఆ ఖాతా మీ పేరు మీద మాత్రం వద్దు. పద్నాలుగు మందిలో లెక్కలంటే ఇష్టపడేవాళ్ళు ఒకరైనా ఉంటారు, వాళ్ళను కోశాధికారిని చేయండి. డ్రాఫ్ట్‌కు ముందురోజు ఒకసారి, బహుమతులు పంచాక ఒకసారి, ఖాతా నిల్వ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టాలి. నిబంధనలు అమలు చేసేవాడొకరు, డబ్బు పట్టుకునేవాడొకరు అయినప్పుడు సగం అనుమానాలు పుట్టకముందే పోతాయి. సైటు ఫీజు కూడా మీ కార్డు మీద నుంచి తీసేసి ఈ ఖాతాకు మార్చండి. ఆటో-రెన్యూవల్ తేదీ ఎప్పుడో ఇవాళే చూసుకోండి.

అసలా ఫీజు అవసరమా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. యాహూ, ఈఎస్‌పీఎన్ ఉచితంగా లీగులు నడుపుకోనిస్తాయి. ఫాంట్రాక్స్ అనే ఫాంటసీ సైటులోనూ ఉచిత లీగులున్నాయి, అదనపు సదుపాయాలకే డబ్బు. పెద్ద జట్లు, మైనర్ లీగ్ కుర్రాళ్ళకు విడి స్థానాలు, రాబోయే ఏళ్ళ డ్రాఫ్ట్ పిక్‌ల (ఎంచుకునే వంతుల) లెక్క ఉన్న కీపర్ లీగులకు ఫాంట్రాక్స్ బాగా కుదురుతుంది. మీరు డబ్బు కట్టి తీసుకున్న సదుపాయాల్లో పోయిన ఏడాది నిజంగా ఏవి వాడారో చూసి, వాడనివి వదిలేయండి.

హైదరాబాద్ తమ్ముళ్ళ విషయం మీరు మాటవరసకు రాసినట్టు రాశారు గానీ, నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే కంగారు పెట్టింది అదే. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, నిషేధించింది. డ్రీమ్11 అంతటి సంస్థే డబ్బు పోటీలు ఆపేసింది. తెలంగాణ అయితే 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో, తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలకు తలుపులు మూశాయి. మాది ఇంట్లోవాళ్ళ మధ్య చిన్న లీగే కదా అని మీరు వాదించవచ్చు. 60 డాలర్ల కోసం ఆ వాదన చేయాల్సిన పరిస్థితి తెచ్చుకోవడం దేనికి? వాళ్ళ తరఫున మీరు వేసి తర్వాత చేతికి తీసుకోవడం ఈ రోజే మానేయండి. తమ్ముళ్ళిద్దరినీ డబ్బు లేకుండా ఆడనివ్వండి. గెలిస్తే ట్రోఫీ మీద పేరు వాళ్ళదే. డబ్బు మాత్రం వాళ్ళ తర్వాతి స్థానంలో ఉన్న, ఫీజు కట్టిన జట్టుకు వెళ్తుంది. ఈ మాట డ్రాఫ్ట్‌కు ముందే రాసి పెట్టండి.

కెనడా వైపు కూడా ఒక గీత ఉంది. అక్కడి క్రిమినల్ కోడ్ 204వ సెక్షన్, పందేల వ్యాపారంతో ఏ విధమైన సంబంధమూ లేని వ్యక్తుల మధ్య జరిగే ప్రైవేటు పందేన్ని మినహాయిస్తుంది. మీరు పడే శ్రమకు కొంత ఉంచుకోమని ఎవరో ఒకరు ప్రేమతోనే అంటారు. వద్దనండి. బిల్లు చూపించి ఖర్చు రాబట్టుకోవడం వరకే. వసూలైన డబ్బులో మీకంటూ లాభం మిగలడం మొదలైతే అది స్నేహితులు కలిసి డబ్బు వేసుకునే పూల్‌లా కనిపించదు.

ఇప్పుడు అంకెలు వేద్దాం. తమ్ముళ్ళు పోను కట్టేవి 12 జట్లు, 720 డాలర్లు. జట్టుకు 10 చొప్పున 120 నిర్వహణ కింద పక్కన పెట్టండి. సైటు ఫీజు, ట్రోఫీ మీద పేరు చెక్కించడం, దాన్ని విజేతకు పంపే కొరియర్ ఖర్చు అందులోంచే. మిగిలిన 600 మొత్తం బహుమతులకు. విజేతకు 300, రెండో స్థానానికి 150, మూడో స్థానానికి 90. ఇంకో 60 మిగులుతుంది కదా, అది మీ లీగ్ ప్లేఆఫ్‌కు (ఆఖరి నాకౌట్ దశకు) చేరని జట్ల మధ్య జరిగే పోటీలో గెలిచినవాళ్ళకు. ఈ ఆఖరి 60 చిన్న మొత్తమే గానీ, జనవరిలో మీ ఇద్దరూ జట్ల వంక చూడటం మానేయడానికి ఒక కారణం అది లేకపోవడమే అయి ఉండొచ్చు. పదో స్థానంలో ఉన్నవాళ్ళకు మార్చిలో లైనప్ (ఆడించే ఆటగాళ్ళ వరుస) పెట్టాల్సిన అవసరం ఒకటుండాలి, దాంతోపాటు తర్వాతి డ్రాఫ్టులో ముందు వరస పిక్ కూడా ఆ పోటీ విజేతకే ఇవ్వండి. ఆఖరి స్థానానికి మొదటి పిక్ ఇస్తే కావాలని ఓడేవాళ్ళు బయల్దేరతారు. ఎన్‌హెచ్‌ఎల్లే 1995 నుంచి ఆ భయంతో డ్రాఫ్ట్‌కు లాటరీ పెట్టుకుంది.

నిర్వహణ నిధి ఖర్చు కాకుండా మిగిలితే తర్వాతి ఏడాదికి పోనివ్వండి. ఒక ఏడాది ఖర్చుకు సరిపడా జమయ్యాక ఫీజులోంచి ఆ 10 తగ్గించేయండి. బహుమతులు రెగ్యులర్ సీజన్ ముగిసిన వారంలోపు, అంటే ఏప్రిల్‌లోనే, పంచేయాలి. జూన్‌లో స్టాన్లీ కప్ అయ్యాక చూద్దాం అనకండి. డబ్బు ఆలస్యంగా ఇచ్చే లీగ్‌కు ఎవరూ వేళకు కట్టరు.

ఇక గాలికొదిలేసిన జట్లు. కీపర్ లీగుల ప్రాణం తీసేది ఇదే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను. అలాంటి జట్టును జనవరిలో ఒకసారి తెరిచి చూడండి. నెల కిందట మోకాలు దెబ్బతిన్న డిఫెన్స్‌మన్ ఇంకా ఆడే వరుసలోనే ఉంటాడు, పక్కన గాయపడ్డవాళ్ళ గడి ఖాళీగా ఉంటుంది. కింది స్థాయి లీగ్ ఏహెచ్‌ఎల్‌కు పంపేసిన గోలీ ఇంకా గోల్ ముందు నిలబడే ఉంటాడు. ఆ వారం ఆ జట్టుతో ఆట పడినవాళ్ళకు ఊరికే గెలుపు. ఆ గెలుపు ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నదాన్ని బట్టి ప్లేఆఫ్ స్థానాలు మారిపోతాయి. ఒకరి బద్ధకం పన్నెండు మంది లెక్కను తారుమారు చేస్తుంది.

ఆ జట్టు అలా ఎందుకయిందో వెనక్కి వెళ్ళి చూస్తే చాలాసార్లు ఒకే కథ కనిపిస్తుంది. ఈ ఏడాదే గెలవాలని అతను వచ్చే ఏడాది మొదటి, రెండో రౌండ్ పిక్‌లు అమ్ముకుని పెద్ద వయసు స్టార్లను తెచ్చుకున్నాడు. గెలవలేదు. వచ్చే ఏడాదికి చేతిలో ఏమీ లేదు. చీటీ ముందే పాడుకున్నవాడు మిగతా వాయిదాలు కట్టకుండా ఊరు మారినట్టు, నెమ్మదిగా మాయమవుతాడు. చీటీలో ఆ ప్రమాదం తెలుసు కాబట్టే పాడినవాడి దగ్గర జామీను అడుగుతారు. మీరూ అదే అడగండి. వచ్చే ఏడాది పిక్ ఏ ఒక్కటి అమ్మాలన్నా, వచ్చే ఏడాది ఫీజు 60 డాలర్లు ఆ రోజే కట్టాలి. డబ్బు చేరాకే ట్రేడ్ ఆమోదం. వచ్చే ఏడాదిని దాటిన పిక్‌లు అమ్మడానికి అసలు వీల్లేదు. మానేస్తే ఆ 60 తిరిగి రాదు, ఆ జట్టును తీసుకునే కొత్తవాళ్ళ ఫీజుకు అది జమ అవుతుంది. బలహీనమైన జట్టును పూర్తి డబ్బు కట్టి తీసుకోమంటే ఎవరొస్తారు చెప్పండి? మొదటి ఏడాది ఉచితమంటే వస్తారు. మీరు ఎన్ని నిబంధనలు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా, ఈ ఒక్కటి మాత్రం పెట్టండి.

మీకు ప్రస్తుతం రెండు జట్లు ఖాళీ అయ్యేలా ఉన్నాయి కనుక కొత్తవాళ్ళను ఇద్దరిని ఒకేసారి వెతకండి. ఆ రెండు జట్ల ఆటగాళ్ళందరినీ, పిక్‌లనూ ఒక రాశిగా పోసి, ఇద్దరూ వంతులవారీగా ఎంచుకోనివ్వండి. డిస్పర్సల్ డ్రాఫ్ట్ అంటారు దీన్ని. ‘ఇంకొకడి చెత్త నాకు తగిలించారు’ అన్న భావం రాదు, తమ చేతులతో ఎంచుకున్న జట్టు కాబట్టి మనసు పెడతారు. జులై 1న ఎన్‌హెచ్‌ఎల్ ఫ్రీ ఏజెన్సీ, అంటే ఒప్పందం ముగిసిన ఆటగాళ్ళు కొత్త జట్లతో కుదుర్చుకునే కాలం, తెరుచుకుంటుంది, ఆ వారమంతా జనం హాకీ గురించే మాట్లాడతారు. కొత్తవాళ్ళను అడగడానికి అదే మంచి సమయం. సెప్టెంబర్‌లో వెతికితే దొరికేది ఎవరో ఒకరు, అంతే.

అయితే లైనప్ పెట్టని ప్రతివాళ్ళూ బాధ్యత లేనివాళ్ళు కారు. బిడ్డ పుట్టి ఉండొచ్చు, ఉద్యోగం పోయి ఉండొచ్చు. మనవాళ్ళు సంక్రాంతికి ఇండియా వెళ్ళేది కూడా సరిగ్గా సీజన్ నడిమధ్యలోనే. ఎడ్మంటన్‌లో చలికాలం రాత్రి 7 గంటలకు ఆట మొదలైతే హైదరాబాద్‌లో మర్నాడు పొద్దున ఏడున్నర. పండగ హడావుడిలో ఎవరికి గుర్తుంటుంది? అందుకని ప్రతి జట్టూ ఒక తోడు మనిషి పేరు ముందే చెప్పాలి. యజమాని ఊళ్ళో లేనప్పుడు లైనప్ వరకు ఆ మనిషి చూస్తారు, ట్రేడ్‌లు చేయరు. రెండు వారాలు లైనప్ కదలకపోతే మీరు గ్రూపులో కాకుండా విడిగా, ఫోన్ చేసి మాట్లాడండి. మూడో వారం తోడు మనిషికి అప్పగించండి. ఆ మూడు వారాల నియమం రాతలో ఉంటే మీరు ఎవరినీ మందలించినట్టు ఉండదు.

ట్రేడ్ గొడవ గురించి. మీరు మంచి ట్రేడే చేసి ఉండొచ్చు. కానీ మీ ట్రేడ్‌ను మీరే ఆమోదించుకోకూడదు, గ్రూపులో వాళ్ళన్నది న్యాయమే. ముగ్గురితో ఒక కమిటీ వేయండి, అందులో ఎవరి ట్రేడ్ వచ్చినా వాళ్ళు పక్కకు తప్పుకుని నాలుగో మనిషి కూర్చుంటారు. కమిటీ అడగాల్సింది ఒక్కటే, ఇద్దరూ కూడబలుక్కుని మూడోవాళ్ళను మోసం చేస్తున్నారా? ట్రేడ్ బాగుందా లేదా అన్నది వాళ్ళ పని కాదు. ఈ ఏడాదే కప్పు కావాలనుకున్నవాళ్ళకు ముప్పై ఎనిమిదేళ్ళు దాటిన స్టార్ సిడ్నీ క్రాస్బీ బంగారం, మూడేళ్ళ తర్వాతి జట్టు కట్టుకుంటున్నవాళ్ళకు ఆయన కంటే రెండో రౌండ్ పిక్ మేలు. ఇద్దరూ తమ అవసరం తీర్చుకుంటుంటే పక్కవాళ్ళకు అది దోపిడీలా కనిపిస్తుంది. ఓటింగ్‌తో వీటో చేసే పద్ధతి ఉంటే తీసేయండి. పోటీలో ఉన్న జట్లు ప్రత్యర్థి బాగుపడే ప్రతి ట్రేడ్‌నూ ఓడిస్తాయి.

నిబంధనలన్నీ ఒకే గూగుల్ డాక్‌లో ఉంచండి. సీజన్ నడుస్తుండగా ఏదీ మార్చకూడదు. మార్పుల మీద ఓటు మే నుంచి ఆగస్టు వరకే, అమలు తర్వాతి సీజన్ నుంచి. సీజన్ ఆగిపోతే డబ్బు ఏం చేయాలన్నది కూడా అందులో ఉండాలి. ఇది జరగని పని కాదు. 2004-05 సీజన్ లాకౌట్‌తో మొత్తం రద్దయింది. 2012-13లో 48 ఆటలే జరిగాయి. 2020 మార్చి 12న కోవిడ్‌తో లీగ్ ఆగిపోయింది, ఆ తర్వాతి సీజన్ 56 ఆటలకు కుదించారు. ఫాంటసీ వారాల్లో సగం కూడా జరగకపోతే బహుమతి డబ్బు వెనక్కి, సగం దాటితే ఆ రోజున్న స్థానాల ప్రకారం పంపకం అని రాసుకోండి. ఎవరు ముందున్నారో తెలియని రోజున రాసుకుంటే ఎవరూ పేచీ పెట్టరు. 2026-27 నుంచి ఎన్‌హెచ్‌ఎల్ జట్టుకు 82 బదులు 84 ఆటలు కాబట్టి, ఆటల పరిమితి ఏదైనా పెట్టుకుని ఉంటే ఆ అంకె కూడా సరిచూసుకోండి.

సైటులో కమిషనర్ అధికారాలు ఇంకొకరికి కూడా ఇవ్వండి. ఏప్రిల్‌లో సీజన్ అయిపోగానే జట్ల జాబితా, ఎవరి పిక్ ఎవరి దగ్గరుందో, పాత ఫలితాలు స్ప్రెడ్‌షీట్‌లోకి దించి నలుగురూ చూడగలిగే చోట పెట్టండి. సైటు మారినా, మనిషి మారినా లీగ్ చరిత్ర పోకూడదు. మీరు ఇంకో రెండు సీజన్లు చేస్తానని, ఇప్పుడు అధికారం పంచుకున్న మనిషే తర్వాత కమిషనర్ అని ఈ వేసవిలోనే చెప్పేయండి. మీ ఆవిడకు కూడా ఆ తేదీ చెప్పండి, ఆవిడ అడిగిన ప్రశ్న న్యాయమైనది.

అసలు కట్టని ఆయనకు ఏం రాయాలో తెలియక ఆగి ఉంటారు. ఇలా రాయండి: ‘పోయిన సీజన్ ఫీజు 60 డాలర్లు ఇంకా రాలేదు. ఆగస్టు 15 లోపు అదీ, లేబర్ డే లోపు కొత్త సీజన్‌దీ పంపితే మీ జట్టు మీదే. కుదరకపోతే చెప్పండి, జట్టును వేరేవాళ్ళకు ఇస్తాం, పాత బాకీ గురించి మళ్ళీ అడగను.’ మీరు వేసిన లోటు నిర్వహణ నిధిలోంచి ఈ ఏడాదే తీసుకోండి, మొహమాటపడకండి. గ్రూపులో చెప్పి మరీ తీసుకోండి.

ఈ కొత్త పద్ధతి చూసి ఇద్దరు ముగ్గురు తప్పుకుంటారు. తప్పుకోనివ్వండి. కొత్తవాళ్ళు దొరక్కపోతే 12 జట్లకు, అవసరమైతే 10కి తగ్గించండి. వెళ్ళిపోయిన జట్ల ఆటగాళ్ళను అందరూ పాల్గొనే డ్రాఫ్టులో కలపండి, పోయిన ఏడాది కింది స్థానంలో ఉన్నవాళ్ళు ముందు ఎంచుకునేలా. ఆ జట్ల పిక్‌లు ఎవరైనా అప్పటికే కొనుక్కుని ఉంటే అవి చెల్లుతాయి, ఆ మాట మాత్రం తప్పకండి.